స్త్రీలకు సంబంధించిన అరబిక్, ఇంగ్లిష్ మాటలు: పట్టికలో తప్పులు దిద్దగలరు

కోనసీమ_కొబ్బరాకు

అందరికీ నమస్కారం. గల్ఫ్‌కి ఇంటిపనికి, ఆయా పనికి, నర్సు ఉద్యోగానికి వెళ్లే మన ఆడవాళ్ల కోసం ఒక చిన్న మాటల పుస్తకం తయారవుతోంది. పేజీకి మూడు గళ్లు: తెలుగు, తెలుగు లిపిలో అరబిక్, తెలుగు లిపిలో ఇంగ్లిష్. వంటింటి మాటలు, బజారు మాటలు తేలిగ్గానే తేలాయి. స్త్రీలకు సంబంధించిన పేజీ దగ్గర బండి ఆగిపోయింది. ఇప్పటికి రాసుకున్నవి ఇవి:

స్త్రీ – ఇమ్రా – ఉమెన్
స్త్రీలు – ఇమ్రాత్ – ఉమెన్స్
అత్త – అమ్మ – ఆంటీ
తోటికోడలు – (ఖాళీ) – కో సిస్టర్
గర్భిణి – హామిలా – క్యారీయింగ్
బాలింత – (ఖాళీ) – (ఖాళీ)
కడుపు పోవడం – ఇజ్‌హాద్ – అబార్షన్
ఇంటి యజమానురాలు – మదామ్ – మేడమ్
పనిమనిషి – ఖద్దామా – సర్వెంట్
పెళ్లికాని స్త్రీ – బింత్ – స్పిన్‌స్టర్

తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి. ఖాళీలు నింపితే ఇంకా సంతోషం.

నిఘంటువు_పురుగు

మొదటి రెండు వరుసలే రెండు గళ్లలోనూ తప్పాయండీ.

ఒక్క స్త్రీ అయితే "ఇమ్రఅ". చివర గొంతు దగ్గర చిన్న ఆగుడు ఉంటుంది, సాగదీయకూడదు. దీనికి "అల్" చేరితే ముందున్న "ఇ" ఎగిరిపోయి "అల్‌మర్అ" అవుతుంది. పత్రికల్లో, బోర్డులమీద ఎక్కువగా కనిపించేది ఈ రెండో రూపమే. రెండూ పక్కపక్కన వేయకపోతే చదివేవాళ్లు వేర్వేరు మాటలనుకుంటారు. "ఇమ్రాత్" అనే బహువచనం లేదు. బహువచనం "నిసా", ఏకవచనంతో పోలికే ఉండదు. మెహరున్నిసా, జేబున్నిసా అనే పేర్ల చివర మనం వినే నిసా అదే.

ఇంగ్లిష్‌లో ఏకవచనం "వుమన్", బహువచనం "విమిన్". స్పెల్లింగులో మారేది రెండో అచ్చు, నోట్లో గట్టిగా మారేది మొదటి అచ్చు. మనవాళ్లు పొరపడేది ఇక్కడే. పాత ఇంగ్లిష్‌లో ఈ మాట "వీఫ్‌మన్": వీఫ్ అంటే స్త్రీ, మన్ అంటే మనిషి. ఏకవచనంలో "వ" పక్కనున్న "ఇ" కాస్తా "ఉ" అయిపోయింది, బహువచనంలో పాత "ఇ" అలాగే మిగిలింది. "ఉమెన్స్" అని విడిగా బహువచనం లేదు. "ఉమెన్స్ కాలేజీ"లో ఉన్న "స్" షష్ఠీ విభక్తి, దానికి పైన పెట్టే కామా (అపాస్ట్రఫీ) ఎస్‌కి ముందు పడాలి. అదే "లేడీస్ హాస్టల్" అయితే కామా ఎస్ తర్వాత. మన ఊళ్లలో బోర్డులు రాసే పెయింటర్లు ఈ రెండూ తారుమారు చేస్తుంటారు.

ఆ వీఫ్‌ నుంచే వైఫ్ వచ్చింది. మొదట అర్థం భార్య కాదు, వట్టి స్త్రీ. మంత్రసానికి ఇంగ్లిష్ మాట "మిడ్‌వైఫ్"లో ఆ పాత అర్థం నిలిచి ఉంది: స్త్రీ పక్కన ఉండే మనిషి అని. మంత్రసానిని అరబిక్‌లో "కాబిలా" అంటారు, వాడుకలో "దాయా". మన హైదరాబాదు దాయికి దగ్గరి చుట్టం.

రాయచోటి_రాగిసంకటి

"అమ్మ" వరుస చూసి నవ్వొచ్చింది గానీ అది నిజంగానే ప్రమాదం. అక్కడ మొదటి అక్షరం మన "అ" కాదు. ఐన్ అనే అరబిక్ అక్షరం. గొంతు లోపలి కండ నొక్కి పలకాలి. మామూలు "అ"తో రాస్తే మన ఆడవాళ్లు దాన్ని తల్లి అనుకుంటారు. తల్లికి "ఉమ్మ్", కువైట్ ఇళ్లలో పిల్లలు పిలిచేది "యుమ్మా". పట్టికలో ఐన్‌కి ఏదైనా గుర్తు పెట్టుకోండి, అక్షరం ముందు పైన చిన్న కామా చాలు. 'అమ్మ అని.

కోనసీమ_కొబ్బరాకు

కామా పెట్టేస్తాను రాయచోటి గారూ. మరి అత్త అంటే అదేనా? మేనత్తా, మేనమామ భార్యా, పెళ్లాం తల్లీ, మొగుడి తల్లీ, అందరూ మనకు అత్తలే కదా.

రాయచోటి_రాగిసంకటి

అందుకే ఒక్క వరుసలో కుదరదు. 'అమ్మ అంటే తండ్రి తోబుట్టువు, అంటే మేనత్త ఒక్కతే. తల్లి తోబుట్టువు "ఖాలా", అంటే పెద్దమ్మ, పిన్ని. ఈ రెంటినీ అరబిక్ ఎప్పుడూ కలపదు. ఇంగ్లిష్ ఆంటీ మాత్రం అందరినీ ఒకే గంపలో వేసేసింది. తమాషా ఏమిటంటే ఆంట్‌కి మూలమైన లాటిన్ "అమిత" కూడా మేనత్తే. పిన్నికి లాటిన్‌లో వేరే మాట ఉండేది, అది ఇంగ్లిష్ దాకా రాలేదు.

భర్త తల్లి, భార్య తల్లి ఇద్దరికీ అరబిక్ గ్రంథాల మాట "హమాత్". ఇళ్లలో అలా పిలవరు. అత్తగారిని మర్యాదగా ఖాలా అనో 'అమ్మ అనో పిలుస్తారు, చోటునుబట్టి మారుతుంది. మేనమామ భార్యకు విడి మాటే లేదు, "మామ భార్య" అని విడదీసి చెబుతారు.

ఇక్కడే ఇంకో ముడి ఉంది. మనకు పెదనాన్న కూతురు, చిన్నాన్న కూతురు అక్కాచెల్లెళ్లు. అరబ్బు సమాజంలో పాత కాలం నుంచి సంబంధానికి ముందుగా చూసేది తండ్రి సోదరుడి కూతురినే, "బింత్ 'అమ్మ్"ని. అందుకే భర్త భార్యను ముద్దుగా "యా బింత్ 'అమ్మీ" అని పిలవడం ఉంది, వాళ్లకు నిజంగా ఆ చుట్టరికం లేకపోయినా సరే. మాటకు మాట అనువదించుకుంటే మనవాళ్లు చెవులు మూసుకుంటారు. మన మేనరికంలో వచ్చే మేనమామ కూతురు వాళ్లకు "బింత్ ఖాల్", మేనత్త కూతురు "బింత్ 'అమ్మ". పట్టికలో "మరదలు" అని పెట్టి పక్కన ఒకే మాట రాస్తే తప్పే. ఏ మరదలో విడదీసి రాయండి.

తోటికోడలు_కబుర్లు

ఆ ఖాళీ నాది కాబట్టి నేనే నింపుతాను. తోటికోడలికి సిరియా, లెబనాన్, ఈజిప్టు వైపు "సిల్ఫా" అనే విడి మాట ఉంది. తోడల్లుడికి "'అదీల్". "కో సిస్టర్", "కో బ్రదర్" మన దేశం దాటితే ఎవరికీ అర్థం కావు. అవి ఇక్కడి ఇంగ్లిష్. ఫారాల్లో "సిస్టర్ ఇన్ లా" అనే రాయాలి. వదిన, మరదలు, ఆడపడుచు, తోటికోడలు నలుగురూ అందులో పడతారు. ఎవరని గట్టిగా అడిగితే "భర్త సోదరుడి భార్య" అని విప్పి చెప్పడం తప్ప దారి లేదు.

సవతికి అరబిక్‌లో "దర్రా". హాని అనే అర్థమిచ్చే ధాతువునుంచి వచ్చింది. ఈ ఒక్క మాటకు వ్యాఖ్యానం అక్కర్లేదనుకుంటా.

వార్డు_డ్యూటీ

ఆస్పత్రి మాటల మీద రాస్తాను. తప్పు పడితే ఎక్కువ నష్టం ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా.

గర్భిణికి సరైన మాట "హామిల్", చివర "ఆ" లేదు. అరబిక్‌లో స్త్రీని సూచించే మాటలకు మామూలుగా చివర "ఆ" చేరుతుంది: డాక్టర్ "తబీబ్", లేడీ డాక్టర్ "తబీబా". కానీ ఆడవాళ్లకు మాత్రమే ఉండే స్థితులకు ఆ గుర్తు చేర్చరు. హామిల్, బహిష్టులో ఉన్న స్త్రీ "హాయిద్", పాలిచ్చే తల్లి "ముర్దిఅ", పిల్లలు కలగని స్త్రీ "'ఆకిర్". "హామిలా" అంటే ఏదో మోస్తున్న స్త్రీ, నెత్తిమీద బుట్టో చేతిలో సంచో. అర్థం చేసుకుంటారు గానీ రాతలో అది తప్పు. ఇంగ్లిష్ "క్యారీయింగ్" కూడా అలాంటిదే. మన దగ్గర చెల్లుతుంది, గల్ఫ్ ఆస్పత్రిలో ఫిలిప్పీన్స్ నర్సుకి "ప్రెగ్నెంట్" అని చెప్పాలి.

హామిల్‌లో మొదటి అక్షరం ఉర్దూ చదివినవాళ్లు బడీ హే అనేది, గొంతు మధ్యనుంచి గాలి వదిలే "హ". దాన్ని "ఖ" చేస్తే "ఖామిల్" అవుతుంది, మందకొడి అని అర్థం.

ఎన్నో నెల అంటే మనలాగే వరుస సంఖ్య చెబుతారు: "బిల్ షహ్ర్ అల్ ఖామిస్", ఐదో నెలలో అని. డాక్టరు మాత్రం వారాల్లో లెక్కిస్తాడు, చివరి నెలసరి మొదటి రోజునుంచి. పూర్తి కాలం 40 వారాలు, 280 రోజులు. కాబట్టి "ఆఖిర్ దౌరా?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. చివరి నెలసరి ఎప్పుడు అని. నెలసరికి "దౌరా షహ్‌రియ్యా" లేదా "'ఆదా". "డేట్ వచ్చింది", "ఎంసీ" లాంటివి మన ఊరి ఇంగ్లిష్, అక్కడ "పీరియడ్" అనండి. మనవాళ్లు "నెల తప్పింది" అనేదాన్ని "మంత్ మిస్" అని చెప్పేస్తారు, అదీ వద్దు. "పీరియడ్ లేట్" అని ఎన్ని రోజులో చెప్పాలి.

బాలింత గడి ఖాళీగా వదలకండి. అరబిక్‌లో అచ్చంగా అదే మాట ఉంది: "నుఫసా". ప్రసవం తర్వాతి రక్తస్రావం, ఆ కాలం "నిఫాస్". ముస్లిం ధర్మశాస్త్రం (ఫిఖ్) శాఖల్లో హనఫీలో దాని గరిష్ఠ హద్దు 40 రోజులు, షాఫీలో 60. అరబ్బుల ఇళ్లలో బాలింత 40 రోజులు అనే మాట మనలాగే వాడుకలో ఉంది. ఇంగ్లిష్‌కే అలాంటి ఇంటిమాట లేదు. వైద్యులకు మాత్రమే తెలిసిన లాటిన్ మాట ఒకటి ఉంది, అది రాసి లాభం లేదు. "పోస్ట్‌నేటల్ మదర్" అని పెట్టండి.

అబార్షన్ వరుస వెంటనే మార్చండి. మన వాడుకలో కడుపు దానంతటది పోయినా, తీయించుకున్నా అబార్షనే. వైద్య అరబిక్‌లో "ఇజ్‌హాద్" కూడా రెంటికీ వాడతారు. కానీ రోగి నోట ఆ మాట ఒంటిగా వస్తే తీయించుకుందనే అనుమానం రావచ్చు, గల్ఫ్ చట్టాల్లో అది నేరం దాకా పోగల విషయం. దానంతటదే పోతే "ఇజ్‌హాద్ తిల్కాయీ", ఇంగ్లిష్‌లో "మిస్‌క్యారేజ్". ఈ రెండు గళ్లూ వేర్వేరు వరుసల్లో, లావు అక్షరాల్లో ఉండాలి.

ఇంకోటి. పురిటి నొప్పులు "తల్క్". విడాకులు "తలాక్". ధాతువు ఒకటే, విడుదల అనే అర్థం. తేడా అంతా మధ్యలో ఉన్న దీర్ఘంలో. తెలుగు లిపిలో సరిగ్గా రాసినా మనవాళ్లు చదివేటప్పుడు అలవాటుకొద్దీ తలాక్ అనేస్తారు. నొప్పులు అని చెప్పడానికి "వజఅ విలాదా" అని కూడా పక్కన వేయండి, దాంట్లో తికమక లేదు.

నిఘంటువు_పురుగు

వార్డు గారు చెప్పింది ఒప్పుకుంటూనే చిన్న సవరణ. "ముర్దిఅ"కి "ఆ" చేరిన రూపం కూడా ఉంది, అది తప్పు రూపం కాదు. ఖుర్ఆన్ 22వ సూరా (అధ్యాయం) 2వ ఆయత్‌లో (వాక్యంలో) "ముర్దిఆ" అనే ఉంది. వ్యాకర్తలు ఇలా విడదీస్తారు: ముర్దిఅ అంటే పాలు తాగే బిడ్డ ఉన్న తల్లి. ముర్దిఆ అంటే ఈ క్షణంలో రొమ్ము నోటికిచ్చి ఉన్న తల్లి. ఆ ఆయత్‌లో చెప్పేది ప్రళయ భీతికి పాలిచ్చే తల్లి చేతిలోని బిడ్డనే మరిచిపోవడం కాబట్టి రెండో రూపం పడింది. హామిల్, హామిలా తేడా కూడా ఆ దారిదే.

వార్డు_డ్యూటీ

సరే, ఒప్పుకున్నా. పట్టికకు మొదటి రూపం చాలు.

పాతబస్తీ_కలందాన్

హైదరాబాద్ వైపునుంచి వెళ్లేవాళ్లకు ఇంకో రకం చిక్కు. ఉర్దూ వచ్చు కాబట్టి అరబిక్ సగం వచ్చేసినట్టే అనుకుంటారు. స్త్రీల మాటల్లో ఆ ధైర్యం కొంపముంచుతుంది.

"ఔరత్" తీసుకోండి. ఉర్దూలో స్త్రీ. అరబిక్ "'ఔరా" అంటే కప్పి ఉంచాల్సిన శరీర భాగం, మరుగు. అరబ్బు ముందు స్త్రీ అనే అర్థంలో వాడితే మొహం చిట్లిస్తాడు. "తవాయిఫ్" అరబిక్‌లో వర్గాలు, సమూహాలు అంతే. ఉర్దూకొచ్చాక ఆటపాటల జట్టు నుంచి వేశ్య దాకా జారింది. "బేగం", "ఖానుం" తుర్కీ మాటలు, "జనానా" ఫారసీ. అరబిక్ అనుకుని వాడితే ఎదుటివాళ్లకు అంతుపట్టదు.

నికానామాలో, అంటే పెళ్లి ఒప్పంద పత్రంలో, ఒక్క అక్షరం డబ్బు లెక్కే మార్చేస్తుంది. మహర్, అంటే వరుడు వధువుకు ఇవ్వాల్సిన సొమ్ము, రెండు రకాలు. ఐన్‌తో రాసే "ము'అజ్జల్" అంటే వెంటనే ఇవ్వాల్సింది. హమ్జాతో (గొంతు ఆగుడు గుర్తుతో) రాసే "ముఅజ్జల్" అంటే తర్వాత ఇవ్వడానికి వాయిదా వేసింది. ఉర్దూ నోట ఐన్ పలకదు కాబట్టి రెండూ ఒకేలా వినిపిస్తాయి. అందుకే రెండోదాన్ని "మువజ్జల్" అని పలకడం అలవాటు చేసుకున్నారు. తెలుగులోకి అనువదించేటప్పుడు అసలు కాగితం మీది అక్షరం చూడాలి, చదివి వినిపించినదాన్ని నమ్మకూడదు.

"ఇద్దత్" కూడా రాసుకోండి, భర్త పోయాక లేదా తలాక్ అయ్యాక స్త్రీ మళ్లీ పెళ్లికి ముందు ఆగాల్సిన గడువు. లెక్క అనే ధాతువు. భర్త పోయిన స్త్రీకి 4 నెలల 10 రోజులు. తలాక్ అయిన స్త్రీకి మూడు "కుర్". ఈ కుర్ అనే మాటే పెద్ద పేచీ. బహిష్టు అనీ, రెండు బహిష్టుల నడుమ శుద్ధి కాలమనీ రెండు అర్థాలూ దానికున్నాయి. హనఫీలు మొదటిదాన్ని తీసుకున్నారు, మాలికీలు, షాఫీలు రెండోదాన్ని. మాట అర్థాన్ని బట్టి గడువు ముగిసే రోజు మారిపోతుంది. "మూడు నెలలు" అని తెలుగు పత్రికలు రాసేది ఉజ్జాయింపు మాత్రమే. మూడు నెలల లెక్క బహిష్టు రాని స్త్రీలకు.

రాయచోటి_రాగిసంకటి

కలందాన్ భాయ్, హరీమ్ సంగతి కూడా చెప్పెయ్యరాదూ?

పాతబస్తీ_కలందాన్

చెబుతా భాయ్. "హుర్మా" అంటే గల్ఫ్‌లో స్త్రీ, భార్య. బహువచనం "హరీమ్". బడీ హేతో. సౌదీ, కువైట్ వాడుకలో హరీమ్ అంటే వట్టి "ఆడవాళ్లు". ఇంగ్లిష్‌వాళ్లు ఆ మాట తుర్కీ రాజమహళ్ల మీదుగా తీసుకుని "హేరెమ్" చేసి దానికి రంగుల బొమ్మలు గీసుకున్నారు. ధాతువుకి అర్థం నిషిద్ధం, పవిత్రం, చెయ్యి వేయరానిది. మనకు తిట్టుగా వినబడే హరామ్, పీర్ల పండుగ మొహర్రం, మక్కా హరమ్, హాజీలు కట్టే ఇహ్రామ్, గౌరవమనే ఇహ్‌తిరామ్ అన్నీ ఆ ఇంటివే. పెళ్లాడరాని దగ్గరి చుట్టం "మహ్రమ్". హజ్ దరఖాస్తుల్లో మనవాళ్లు మెహ్రం అని రాస్తారు. మన దేశంనుంచి 2018 హజ్‌తో 45 ఏళ్లు దాటిన స్త్రీలు కనీసం నలుగురు కలిసి మెహ్రం లేకుండా వెళ్లే వీలు వచ్చింది.

హుర్మా అనిపించుకోవడం ఇష్టపడని స్త్రీలు ఉన్నారు. మర్యాదకు "సయ్యిదా" వాడితే ఎక్కడా పేచీ రాదు. ఈజిప్టు స్త్రీని "మరా" అని మాత్రం అనకండి. సిరియాలో అది మామూలు మాట, కైరోలో తిట్టు. అక్కడ "సిత్".

తోటికోడలు_కబుర్లు

మదామ్, మేడమ్ ఒకే వరుసలో పెట్టారు, అవి కవలలు కావు. మన మేడమ్ టీచరమ్మకీ, బ్యాంకు ఆఫీసరుకీ, పెళ్లైనా కాకపోయినా చెల్లుతుంది. అరబిక్‌లో మదామ్ అంటే పెళ్లైన స్త్రీ. "మదామ్" అని ఒకడు తన భార్యనే ఉద్దేశించి చెప్పవచ్చు. పెళ్లికాని యువతి "ఆనిసా". క్లినిక్‌లో "మదామ్ లేక ఆనిసా?" అని అడిగితే అది మర్యాద ప్రశ్న కాదు, ఏ పరీక్ష చేయవచ్చో తేల్చుకునే ప్రశ్న. ఇరవయ్యేళ్ల నర్సుని మదామ్ అంటే చిన్నబుచ్చుకుంటుంది.

ఇంగ్లిష్‌లో ఆ పేచీ తీర్చడానికే "మిజ్" వచ్చింది. 1901లోనే అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు స్ప్రింగ్‌ఫీల్డ్ పత్రిక ఒకటి ఈ సలహా ఇచ్చింది. వాడుకలో నిలదొక్కుకున్నది 1970ల్లో. న్యూయార్క్ టైమ్స్ 1986 దాకా ఒప్పుకోలేదు. మిస్ కాదు, మిసెస్ కాదు, చివర తేనెటీగ శబ్దం. ఫారంలో పెళ్లి ప్రస్తావన వద్దనుకుంటే అదే టిక్ చేయాలి. స్పిన్‌స్టర్ కొట్టేయండి. నూలు వడికే స్త్రీ అనే అర్థంతో పుట్టి, పెళ్లికాకుండా ముదిరిన స్త్రీ అనే ఎకసెక్కంగా మారిన మాట అది. "సింగిల్" చాలు. అరబిక్ ఫారంలో "'అజ్‌బా". పెళ్లైతే "ముతజవ్విజా", విడాకులైతే "ముతల్లకా", భర్త పోతే "అర్మలా".

నిఘంటువు_పురుగు

దిగజారిన మాటల జాబితా తీస్తే మనమూ తక్కువ తినలేదు. హౌస్‌వైఫ్ అరిగి "హజ్జీ" అయి ఇంగ్లిష్‌లో తిట్టుగా తేలింది. అరబిక్‌లో కూతురు, అమ్మాయి అనే గౌరవమైన "బింత్"ని బ్రిటిష్ సైనికులు పట్టుకెళ్లి తమ భాషలో చవకబారు మాట చేశారు. కాబట్టి అరబ్బు ఇంట్లో బింత్ నిక్షేపంగా అనండి, లండన్‌లో వద్దు. మన విధవ, వాళ్ల "విడో" ఒకే మూలంనుంచి వచ్చిన అక్కాచెల్లెళ్లు. అది మన దగ్గర వెధవ అయి చివరికి మగవాళ్ల నెత్తిన కూర్చుంది.

"గర్ల్" మధ్యయుగపు ఇంగ్లిష్‌లో ఆడైనా మగైనా పిల్ల. "ఫీమేల్"లో మేల్ లేదు. లాటిన్‌లో చిన్న స్త్రీ అనే "ఫెమెల్లా" నుంచి వచ్చి, మేల్ పక్కన కూర్చుని స్పెల్లింగు మార్చుకుంది. ఫారంలో లింగం గడిలో ఫీమేల్ సరే (అరబిక్‌లో "ఉన్‌సా"), మాటల్లో ఒక స్త్రీని "ఎ ఫీమేల్" అంటే జంతువు గురించి చెప్పినట్టుంటుంది.

రాయచోటి_రాగిసంకటి

పుస్తకంలో నామవాచకాలు ఎన్ని పెట్టినా క్రియల్లో ఆడ, మగ తేడా చెప్పకపోతే సగం వ్యర్థం. ఎందుకంటే ఇంట్లో యజమానురాలు పనిచేసే ఆవిడతో అనేవన్నీ స్త్రీ రూపాలే: "రూహీ" వెళ్లు, "జీబీ" తీసుకురా, "హుత్తీ" పెట్టు. ఆవిడ చెవికి అలవాటయ్యేవి ఇవే. తర్వాత డ్రైవరుతోనో, ఇంటాయనతోనో కూడా జీబీ అనేస్తుంది, అంటే మగవాణ్ని ఆడమనిషిని చేసి పిలిచినట్టు. మగవాళ్లకు "రూహ్", "జీబ్", "హుత్త్". చివరి "ఈ" తీసేయడమే.

ఎలా ఉన్నారు అనడానికి కువైట్‌లో మగవాణ్ని "శ్లోనిక్", స్త్రీని "శ్లోనిచ్". ఆ "చ్" గల్ఫ్ వైపు మాటతీరు గుర్తు. సిరియావాళ్లు "కీఫక్", "కీఫిక్". ఈజిప్టువాళ్లు "ఇజ్జయ్యక్", "ఇజ్జయ్యిక్". పట్టికలో స్త్రీ రూపం, పురుష రూపం రెండు గళ్లు చేయండి.

తన గురించి చెప్పుకునేటప్పుడు ఇంకో మెలిక. "నేను వెళ్లాను" అనే క్రియకు అరబిక్‌లోనూ తెలుగులోనూ లింగం లేదు. కానీ "అలసిపోయి ఉన్నాను", "జబ్బుగా ఉంది" లాంటివి విశేషణాలు. స్త్రీ "అన త'అబానా", "అన మరీదా" అనాలి. మగవాళ్లది విని "త'అబాన్", "మరీద్" అనేస్తే నవ్వుతారు.

కోనసీమ_కొబ్బరాకు

మన భాషలో ఆమె వచ్చింది, కుర్చీ వచ్చింది, రెండూ ఒకటే కదా. మనవాళ్లకు లింగం కష్టం అవుతుందేమో?

నిఘంటువు_పురుగు

అదే మంచి మెట్టు అవుతుంది. మనకు ఏకవచనంలో స్త్రీ, వస్తువులు ఒక వైపు: వచ్చింది. బహువచనంలో స్త్రీలు పురుషులతో చేరతారు: వచ్చారు, వస్తువులు విడిపోతాయి: వచ్చాయి. అరబిక్‌లో వస్తువుల బహువచనం స్త్రీ ఏకవచనంలా నడుస్తుంది. "పుస్తకాలు కొత్తవి" అనాలంటే "అల్ కుతుబ్ జదీదా", అక్షరాలా "పుస్తకాలు కొత్తది" అన్నట్టు. ఆమెకూ వస్తువుకూ ఒకే క్రియ వాడే మనకు ఇది ఇంగ్లిష్‌వాళ్లకన్నా తొందరగా ఎక్కుతుంది.

పదవుల పేర్లలో "ఆ" చేరిస్తే అర్థం తిరగబడే రెండు మూడు ఉన్నాయి, సరదాకి. "నాయిబ్" పార్లమెంటు సభ్యుడు. "నాయిబా" సభ్యురాలు, అదే మాటకు విపత్తు అని కూడా అర్థం. "కాదీ" న్యాయమూర్తి, "కాదియా" న్యాయమూర్తురాలు, ప్రాణాంతకమైన దెబ్బ కూడా. కువైట్ స్త్రీలకు ఓటు 2005లో వచ్చింది, 2009లో నలుగురు గెలిచారు. ఎగతాళి చేసేవాళ్లు చేస్తూనే ఉన్నా నాయిబా అనే మాట నిలబడింది.

తోటికోడలు_కబుర్లు

చివరగా ఖద్దామా. తెలుగు పత్రికలు కూడా ఆ మాట వాడుతున్నాయి. ఇంట్లో అనేది అదే కావచ్చు, సౌదీలో "శగ్గాలా" అంటారు. కానీ కాగితం మీద ఉండే మాట "'ఆమిలా మన్‌జిలియ్యా", ఇంటి కార్మికురాలు. కువైట్‌లో ఇళ్లలో పనిచేసేవాళ్ల కోసం 2015లో వచ్చిన 68వ నంబరు చట్టంలోనూ ఉన్నది కార్మికులు అనే అర్థమిచ్చే మాటే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 నాటి 189వ ఒప్పందంలో "డొమెస్టిక్ వర్కర్" అంది. సర్వెంట్ తీసి అది పెట్టండి. ఫిర్యాదు రాసేటప్పుడు "నేను ఖద్దామాని" అని మొదలుపెట్టడం కన్నా "నేను 'ఆమిలా మన్‌జిలియ్యాని" అంటే ఆ చట్టంలోని హక్కులు అడుగుతున్నట్టు తెలుస్తుంది. జీతం "రాతిబ్", వారం సెలవు "యౌమ్ రాహా", ఒప్పందం "'అక్ద్" కూడా ఆ పేజీలోనే వేయండి.

కోనసీమ_కొబ్బరాకు

అందరికీ దండాలు. ఆస్పత్రి పేజీ ముందు ముగించాను, ప్రింటుకి పంపేముందు ఒక్కసారి చూడండి:

గర్భిణి – హామిల్ – ప్రెగ్నెంట్
నెలసరి – దౌరా – పీరియడ్
పురిటి నొప్పులు – తలాక్, వజఅ విలాదా – లేబర్ పెయిన్స్
బాలింత – నుఫసా – పోస్ట్‌నేటల్ మదర్
పాలిచ్చే తల్లి – ముర్దిఅ – బ్రెస్ట్‌ఫీడింగ్ మదర్
కడుపు దానంతటది పోవడం – ఇజ్‌హాద్ తిల్కాయీ – మిస్‌క్యారేజ్
మంత్రసాని – కాబిలా, దాయా – మిడ్‌వైఫ్

వార్డు_డ్యూటీ

మూడో వరుస చూడండి. నొప్పులతో వచ్చినావిడ విడాకులు అడుగుతోంది.

కోనసీమ_కొబ్బరాకు

అయ్యో. తల్క్. దీర్ఘం తీసేశాను.